కోసిన కర్ర

మంచు కురవాల్సిన నడి చలికాలంలో, ధ్రువ ప్రాంతపు ఇనారి సరస్సు మీద వాన కురుస్తోంది. ఒడ్డున తాము మంచుతోనే కట్టిన హోటల్లో, కొత్త జంట కోసం సిద్ధం చేసిన గదిలో తండ్రీ కూతుళ్ళు నిలబడి ఉన్నారు.

"కప్పు కిందికి దిగింది నాన్నా."

"ఎక్కడ దిగింది? ఇప్పుడేగా కొలకర్ర నిలబెట్టి చూపించాను. కప్పుకు తగల్లేదు. కప్పు కుంగి కర్రకు తగిలితే హోటల్ నేనే మూసేస్తాను, ఏటా చేసేదేగా."

"మరి ఈ కర్ర కొస తెల్లగా ఉందేం? ఇవాళే కోసినట్టుంది."

అతను చేతి తొడుగులు సర్దుకున్నాడు.

"నువ్వే కోశావా నాన్నా?"

"అతిథుల బస్సు బయల్దేరిపోయిందే! ఈ ఏడు వస్తున్న మొదటి జనం వాళ్ళు. వెనక్కి పొమ్మంటే ఇంకెవరొస్తారు? ఒక్క రాత్రికి ఏమీ కాదులే."

"అయితే ఆ కొత్త జంటకి ఇంట్లో నా గది ఇచ్చెయ్. ఇక్కడ నేను పడుకుంటా."

"పిచ్చి వేషాలెయ్యకు."

"ఒక్క రాత్రికి ఏమీ కాదన్నావుగా?"

ఆమె మంచు మంచం మీది రెయిన్‌డీర్ తోలుపై బూట్లతోనే వెల్లకిలా పడుకుంది. కప్పు నుంచి ఓ చుక్క నుదుటి మీద పడింది. తుడుచుకోలేదు.

"లేమ్మా."

ఆమె కదల్లేదు.

"లే తల్లీ, నీకు దణ్ణం పెడతా! మూసేద్దాం, లే!"

"ముందు బస్సుకి ఫోన్ చెయ్యి," అంది, కప్పు వైపే చూస్తూ.