తాళాల మామయ్య ఎక్కిన కయాక్

చెరువు గట్టున టీ కొట్టు ముందు రెండు పడవలు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. ఒకటి కయాక్, రెండోది కెనూ. తేడా తెలియనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తే మంచిది. కయాక్‌లో నేల మీద కూర్చున్నట్టు కాళ్ళు బారజాపుకుని కూర్చోవాలి. పైన మూత ఉంటుంది కాబట్టి నడుం దాకా లోపలికి దూరిపోతాం. తెడ్డుకి రెండు చివర్లా రెక్కలుంటాయి. కెనూ అలా కాదు. నిలువునా చీల్చి గింజలు తీసేసిన చిక్కుడుకాయలా పైనంతా తెరిచే ఉంటుంది. అడ్డంగా రెండు బల్లలుంటాయి, ముందొకటి వెనకొకటి, కుర్చీలో కూర్చున్నంత హాయిగా కూర్చోవచ్చు. తెడ్డుకి ఒకటే రెక్క. ఆ కయాక్ ఒక్కరికి, ఆ కెనూ ఇద్దరికి. ఇంతవరకు గుర్తుంటే చాలు.

రెండూ పడవల షెడ్డు ఆయన వారం రోజులు వాడి చూడమని ఇచ్చినవే. సాయంత్రం నాలుగింటికి ట్రాలీ తీసుకొస్తాడు. ఒకటి ఉంచుకుని ఒకటి ఇచ్చెయ్యాలి. ఏది ఉంచుకోవాలో తేల్చుకోవాల్సింది ఎలక్ట్రీషియన్. చేపలు పట్టడం అతను వాళ్ళమ్మ దగ్గరే నేర్చుకున్నాడు. ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయి రెండేళ్ళయింది, నేల మీద కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాలి. అప్పట్నించి కొడుకు అద్దె పడవలో లోపలికి వెళ్తే, ఆవిడ గట్టు మీద స్టూలు వేసుకుని కాలవ మూతి దగ్గర వేలెడు చేపలకి గాలం వేస్తోంది. కయాక్ ఉంచుకుంటే ఆ స్టూలు అక్కడే ఉంటుంది. కెనూ ఉంచుకుంటే ముందు బల్ల ఆవిడది.

కొడుక్కి కెనూ మీదే మనసు. కాని మధ్యాహ్నం దాటితే చెరువు మీద గాలి లేస్తుంది. ఒక్కడే కెనూ వేసుకెళ్ళి చూశాడు, ముక్కు పైకి లేచి ఎటంటే అటు తిరిగిపోయింది. అమ్మని ఎక్కించుకున్నాక అలా తిరిగితే? ఆ ఒక్క భయంతోనే తేల్చుకోలేక ఉన్నాడు. ఆవిడ మాత్రం "పడవ నీది, నీ ఇష్టం రా" అని ఊరుకుని, చిరిగిన చేతివల ఒళ్ళో వేసుకుని ముడులు వేస్తోంది.

అప్పుడు వచ్చాడు ఆవిడ తమ్ముడు. తాళాలు బాగుచేస్తాడు, తాళంచెవులు చేస్తాడు, అందరికీ తాళాల మామయ్య. కూర్చుంటూనే మొదలెట్టాడు.

"కయాక్ తీసుకో అల్లుడూ. ఊరికే చెప్పటం లేదు, అనుభవం మీద చెప్తున్నా. ఈ చెరువులో కయాక్ వేసుకెళ్ళి చేప పట్టినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. పెద్ద చేపేం కాదులే, నేను అబద్ధం చెప్పను, రెండు కిలోలు."

"రెండు కిలోలైతే నమ్మొచ్చు" అన్నాడు టీ కోసం ఆగిన పోస్ట్‌మాన్, సంచీ బల్ల మీద పెట్టి.

"నమ్మడానికి తొందరేముంది, ఇంకా మొదలే పెట్టలేదు. ఆ రోజు పొద్దున్నే కొట్టుకి తాళం వేసి, లైఫ్ జాకెట్ తగిలించుకుని నడిచెరువులోకి వెళ్ళాను. గాలి లేదు, అల లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గాలం వేసి ఇలా కర్ర పట్టుకున్నానో లేదో, లాగింది చూడు, కయాక్ మొత్తం గిర్రున తిరిగి ముక్కు అటు పెట్టింది. కెనూ అయితే అక్కడే బోర్లా పడేది, రాసిపెట్టుకో. నేను కర్ర వదల్లేదు. అది పైకి వచ్చి నా వంక ఒక చూపు చూసింది. తల ఒక్కటే రెండు కిలోలుంటుంది."

"ఇందాక చేప మొత్తం రెండు కిలోలన్నావు" అన్నాడు పోస్ట్‌మాన్.

"బయటికి వచ్చింది తల ఒక్కటే కదయ్యా. మిగతాది నీళ్ళలో ఉంది. కనపడనిదాని బరువు ఎలా చెప్పమంటావు? నేను అబద్ధం చెప్పను. సరే, ఆ పైన ఏమైందనుకున్నారు? లాక్కుపోవడం మొదలెట్టింది. ఆ లాగుడుకి కయాక్ అడుగు నీళ్ళకి తగలటం మానేసింది. అద్దె మోటారు బోటు ఒకటి ముందు పోతుంటే దాన్ని దాటేశాను. ఆ డ్రైవరు ఇంజను ఆపి మరీ అడిగాడు, 'బాబాయ్, ఏ కంపెనీ మోటారు?' అని. 'ఇది నూనె తాగే మోటారు కాదు నాయనా, పురుగులు తినేది' అన్నాను. ఇంతలో గాలి లేచింది. ఊరికే ఉన్నాను కదా అని తెడ్డు పైకెత్తి పట్టుకున్నాను, రెండు రెక్కలుంటాయిగా, గాలి తగలగానే అది ఫానులా తిరగడం మొదలెట్టింది."

"ఎంత స్పీడుగా తిరిగింది మామయ్యా?" అన్నాడు ఎలక్ట్రీషియన్. ఫాన్లు బాగుచేసేది అతనే.

"మీ ఇంట్లో ఫాను మూడు మీద పెడితే తిరిగినంత. నాలుగు మీద పెట్టి ఉంటే ఎగిరిపోయేవాణ్ణి, నేనే కొంచెం తగ్గించాను. ముందు చేప, పైన ఫాను, మధ్యలో నేను. ఆ స్పీడుకి ఆకలి దంచేస్తోంది. బల్ల కింద రొట్టె డబ్బా ఉంది కదా, తీసి ఒక ముక్క నేను తిని ఒక ముక్క చేపకి విసిరాను. మనకోసం అంత కష్టపడుతుంటే దాన్ని పస్తు పెట్టకూడదు కదా."

వల ముడులు వేస్తున్న అక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"రొట్టె తిన్నాక దానికి బలం వచ్చింది. తిన్నగా తూము వైపు తిరిగింది. తూము తలుపుకి తాళం. ఎలాంటి తాళమనుకున్నారు, మా తాత కాలంలో వేసింది, తుప్పు పట్టి రాయిలా బిగుసుకుపోయింది. గుద్దుకుంటే నేనూ లేను కయాకూ లేదు. నేనేం చేశానో తెలుసా? టోపీకి గుచ్చుకున్న గాలం ముల్లు తీశాను, దాటుకుంటూ పోతూనే తాళంలో పెట్టి ఇలా అన్నాను. టక్. తలుపు తెరుచుకుంది. అవతల కాలవ, కాలవ మీద ఇంకో తలుపు, దానికో తాళం. అలా ఏడు తలుపులు, ఏడు తాళాలు, ఒక్క ముల్లు."

"అన్నీ తెరిచి పెట్టి వచ్చావా, నీళ్ళన్నీ పోవూ?" అంది టీ కొట్టావిడ, గ్లాసులు కడుగుతూ.

"మంచి మాట అడిగావు చెల్లెమ్మా. తిరుగు ప్రయాణంలో ఏడింటికీ తాళాలు వేసుకుంటూనే వచ్చాను. తెరిచిన తాళం వెయ్యకపోతే మా వృత్తికే మాటొస్తుంది. నీళ్ళు పోవటం అంటావా, అది వేరే కారణం వల్ల పోయాయి. చివరికి చేప అలిసిపోయింది. వెనకనించి వల అందింది, వేసి చూస్తే వల దాని ముక్కుకి కూడా చాల్లేదు. సరే అని రెండు చేతుల్తో ఎత్తి కయాక్ మీద అడ్డంగా వేసుకున్నాను. అది నీళ్ళలోంచి లేవగానే చెరువు రెండడుగులు దిగిపోయింది. ఆ రోజు బట్టలుతుక్కునే వాళ్ళు నాలుగు మెట్లు ఎక్కువ దిగాల్సొచ్చింది, కావాలంటే అడగండి."

"ఎవర్ని అడగమంటావు?" అన్నాడు పోస్ట్‌మాన్.

"ఇప్పుడు వాళ్ళంతా వాషింగ్ మెషిన్లు కొనేసుకున్నారులే, అది వదిలెయ్. రుజువు కావాలా? నా కొట్టు మీద బోర్డు చూశారుగా. అది ఆ చేప పొలుసే. ఒక్క పొలుసు."

టీ కొట్టావిడ చెయ్యి తుడుచుకుంది. "అదేంటన్నా, ఆ బోర్డుకి రంగు వేసింది మా తమ్ముడే కదా."

"రంగు వేశాడమ్మా, కాదన్నానా? దేని మీద వేశాడో ఎప్పుడైనా అడిగావా?"

ఆవిడ అడగలేదు. మామయ్య గ్లాసు అందుకుని మేనల్లుడి వైపు తిరిగాడు.

"అదీ సంగతి. కయాక్ కాబట్టి బతికి బట్ట కట్టాను. కెనూ అంటావా, గాలి రాగానే నడిచెరువులో ఎండుటాకులా తిరుగుతుంది. నువ్వొక్కడివైతే ఈదుకుంటూ వస్తావు. మీ అమ్మని కూడా కూర్చోబెట్టుకుని ఆ తిరుగుడేమిటి? ఆ పైన నీ ఇష్టం."

కోతలన్నీ ఒక ఎత్తు, ఆ చివరి మాట ఒక ఎత్తు. ఎలక్ట్రీషియన్ భయం సరిగ్గా అదే. కాసేపు చెరువు వంక చూశాడు. గాలి అప్పుడే లేస్తోంది. గట్టు దిగువన ట్రాలీ చప్పుడు వినిపించింది. అతను లేచి వెళ్ళి, తిరిగి ఇచ్చెయ్యడానికి కెనూ అంచు మీద చెయ్యి వేశాడు.

"ఒరేయ్ తమ్ముడూ" అంది అక్క, తల ఎత్తకుండా. "ఒక్కటడుగుతాను."

"అడుగక్కా."

"రొట్టె డబ్బా ఎక్కడుందన్నావు?"

"బల్ల కింద."

"ఆ కయాక్ పక్కనే ఉందిగా. అందులో బల్ల ఎక్కడుందో చూపించు."

మామయ్య కయాక్‌లోకి తొంగి చూశాడు. పోస్ట్‌మాన్ కూడా లేచి తొంగి చూశాడు. లోపల నేలబారు సీటు తప్ప ఇంకేం లేదు.

"అప్పటి కయాకులకి ఉండేవి" అన్నాడు మామయ్య.

"సరే, ఉండేవే అనుకుందాం. వెనకనించి వల అందిందన్నావు. ఒక్కరు పట్టే పడవలో నీ వెనక ఎవరున్నార్రా?"

మామయ్య టీ తాగాడు. గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది.

"చేపని మార్చావు, గాలిని మార్చావు, పడవనే మార్చేశావు" అంది అక్క, పాఠం చెప్పినంత నెమ్మదిగా. "డబ్బా ఉన్న చోటు మాత్రం మార్చటం మర్చిపోయావు. ఎలా మారుస్తావు, ఆ రోజంతా నువ్వు చూసింది అదొక్కటే. తల వంచుకుని, రెండు చేతుల్తో బల్ల పట్టుకుని, డబ్బా వంక చూస్తూ కూర్చున్నావు. చెయ్యి వదిలితే పడతానని రొట్టె కూడా నా చేత తినిపించుకున్నావు. అది కెనూ. వెనక బల్ల మీద ఉన్నది నేను. వల అందించింది నేను. నువ్వు అందుకోకపోయేసరికి చేపని పట్టింది కూడా నేనే. జానెడు లేదు."

"మరి గాలి?" అని అడిగాడు కొడుకు. కెనూ అంచు మీద చెయ్యి ఇంకా తియ్యలేదు.

"గాలి నిజమేరా. ఇప్పటికంటే పెద్ద గాలి. నువ్వు ఒక్కడివే వెనక కూర్చుంటే ముక్కు లేవదా మరి? గాలికెదురు వెళ్ళేటప్పుడు ముందు బరువుండాలి. ముక్కు నీళ్ళలో దిగితే అది తిన్నగా పోతుంది. ఆ రోజు మేం ఒడ్డుకి చేరామంటే మీ మామయ్య ముందు బల్ల మీద మూటలా కదలకుండా కూర్చోబట్టే. ఆ మాటకొస్తే నిజంగా సాయం చేశాడు. అది మాత్రం ఒక్కసారీ చెప్పుకోడు."

పోస్ట్‌మాన్ సంచీ భుజాన వేసుకుంటూ ఆగాడు. "మరి కయాకే కొనాలని అంత పట్టెందుకు పట్టావయ్యా?"

 జవాబు అక్కే చెప్పింది.

"రెండు బల్లల పడవ వస్తే రెండో బల్ల మీదకి రమ్మంటారని. అంతేగా?"

మామయ్య గ్లాసులో అడుగున మిగిలిన టీ పొడి వంక చూశాడు. "ముందు బల్ల ఎవరిదక్కా?" అన్నాడు చివరికి.

"నాది."

"ఖాయమేనా?"

"ఖాయమే."

ఆయన భుజాలు దిగాయి. "అయితే ఇంకేం, కెనూ తీసుకో అల్లుడూ. కెనూ అంటే మాటలా? నీకెప్పుడూ చెప్పలేదు గాని, ఒకసారి నేను కెనూలో..."

"వచ్చాక వింటాం మామయ్యా" అన్నాడు ఎలక్ట్రీషియన్. అతనూ షెడ్డు ఆయనా కలిసి కయాక్‌ని ట్రాలీ మీదకి ఎక్కించారు.

గాలి పెరగకముందే ఒక్క చుట్టు తిరిగి రావాలని తల్లీకొడుకులు బయల్దేరారు. చెక్కల రేవు పక్కన కెనూ ఆనించి, కొడుకు అంచు గట్టిగా పట్టుకున్నాడు. లైఫ్ జాకెట్ బిగించుకుని, అతని భుజం ఆసరాతో ఆవిడ కుర్చీలో కూర్చున్నట్టే ముందు బల్ల మీద కూర్చుంది. మోకాళ్ళు మడవాల్సినంతే మడిచింది. బాగుచేసిన వల ఒళ్ళో పెట్టుకుంది. కొడుకు వెనకెక్కి తెడ్డు వేశాడు. ముక్కు లేవలేదు, గాలికెదురు తిన్నగా తిరిగింది. కాని పడవ అక్కణ్ణించి కదలలేదు.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. రేవు మీద మామయ్య కాళ్ళు ఎడంగా తన్నిపెట్టి, కళ్ళు మూసుకుని, పడవ తాడు రెండు చేతుల్తో బిగించి పట్టుకుని ఉన్నాడు.

"తాడు వదలరా తమ్ముడూ" అంది ఆవిడ. "పడవలో ఉన్నది మేము. నువ్వు గట్టు మీదే ఉన్నావు."