లేని పిల్లల తూకం

ఆ టీ తరవాత తాగొచ్చు గానీ గలిహ్ నాయనా, ముందు ఈ పిల్లల్ని నా ట్యాబ్‌లోంచి తీసెయ్యి. వీళ్ళకి తల్లి లేదు, తండ్రి లేడు, కొంప లేదు. నాకు మాత్రం తలనొప్పి ఉంది.

నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. జిల్లా ఆఫీసులో చల్లగా కూచుని సర్వర్ చూసుకునేవాడివి, నవ్వక ఏం చేస్తావు. కొండ మీద మా పోస్యాందు కేంద్రంలో నెలనెలా పిల్లల్ని తూచేది నేను. దూలానికి కాటా వేలాడదీసి, గుడ్డ ఉయ్యాల్లో వాళ్ళని వేసి, తన్నులు తిని మరీ తూస్తాను. ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ట్యాబ్ చేతికిచ్చారు కదా అని వేలితో పొడిచి పొడిచి బరువులు ఎక్కిస్తున్నాను. మసీదు వెనక గట్టెక్కితే సిగ్నల్ దొరుకుతుంది. అక్కడ నిలబడి నొక్కితే నా లెక్కలు మీకొస్తాయి, మీ దగ్గరున్నవి నాకొస్తాయి. బానే ఉంది, ఇచ్చిపుచ్చుకోవడం మంచిదే.

పోయిన నెల నొక్కేసరికి ఏమొచ్చింది? మా ఊరి పేరు కింద నేనెన్నడూ మొహం చూడని పిల్లలు, బారులు తీరి!

పొగాకు కోతలకి కూలీలు దిగారేమో, వాళ్ళ పిల్లలేమో అనుకున్నాను. ఇంటింటికీ తిరిగాను నాయనా. "మీ ఇంట్లో పరీక్ష పాప అనే పిల్ల ఉందా అమ్మా?" అని అడిగాను. పరీక్ష పాప, పరీక్ష బాబు... ఈ కాలం వాళ్ళు అలాంటి పేర్లూ పెడతారేమో, నాకేం తెలుసు? పక్కింటి సుర్తి లేదూ, "ఎంబా వగిరా, ఓ అవ్వా, నీకు చాదస్తం ముదిరింది" అనేసింది మొహం మీదే. తూకం రోజున ఆ పిల్లలకి కూడా కలిపి పెసల జావ కాచాను. కుండెడు మిగిలిపోతే కోళ్ళు తిన్నాయి.

ఏంటీ? సర్వర్ బలం చూడ్డానికి నువ్వు పుట్టించావా!

అంటే ఏమిటీ, జిల్లాలో కార్యకర్తలందరూ ఒక్కసారే నొక్కితే అది నిలబడుతుందో కుప్పకూలుతుందో చూడాలి. అంతమందిని ఒకచోట కూచోబెట్టలేవు గనక ఉత్తుత్తి కార్యకర్తల్ని వేలకి వేలు చేసి, ఒక్కొక్కరి ఒళ్ళో ఉత్తుత్తి పిల్లల్ని పెట్టి, అందర్నీ ఒకేసారి దాని మీదకి తోలావు. ఓరి నీ తెలివి బంగారం గానూ! దేవుడికి కూడా అంత తీరిక లేదు కదయ్యా.

మంచి పనే, కాదనను. మా వాగు మీద వంతెన కట్టినప్పుడూ ఇసుక లారీలు ఎక్కించి చూశారు. కానీ చూశాక లారీలు దించేశారయ్యా! నువ్వు వంతెన మీదే వదిలేశావు.

తీసేద్దామనుకునే లోపే బుపాటి గారు వచ్చారా? తెర నిండా బొద్దుపిల్లల పచ్చచుక్కలు చూసి, జిల్లా ఏలేవారు కదా, మురిసిపోయి చప్పట్లు కొట్టారా? మరి నువ్వు నోరు విప్పలేదేం?

అవున్లే. చప్పట్లు కొడుతున్న చేతులకి ఎవడు అడ్డం పడతాడు.

ఓహో, అందుకా! ఆవేళ సభలో ఉత్తమ కార్యకర్త అని పేరు పిలిచారు. అందరం వెనక్కి తిరిగి చూశాం. ఎవరూ లేవలేదు. "ఆమెకి పొగడ్తలు గిట్టవు, పిల్లల్ని తూస్తూ ఉండి ఉంటుంది" అన్నారు బుపాటి గారు. మేం చప్పట్లే చప్పట్లు. నేనైతే కళ్ళు కూడా తుడుచుకున్నాను. అంత అణకువ గల మనిషి మన జిల్లాలో ఉందా అని! తీరా ఆవిడా నీ ఉత్తుత్తి మనిషేనా!

ఇక ఆమె పిల్లలో! ఒక్కరికి ముక్కు కారదు, కడుపు కదలదు. నెల తిరిగేసరికి అందరూ ఒకే తూకం పెరుగుతారు, చిప్పల్లో పోసిన కొబ్బరిబెల్లం అచ్చుల్లాగా.

నవ్వొస్తోంది కదా? ఇప్పుడు నవ్వు రాని మాట చెప్తాను, విను.

మా ఊళ్ళో సెకార్ అని రెండేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ తర్మి లవంగాల సిగరెట్లు చుట్టే ఫ్యాక్టరీకి పోతూ నా దగ్గర వదిలిపోతుంది. ఆ పిల్లని ఉయ్యాల్లో వేస్తే కాటా ముల్లు కదలడానికి కూడా బద్ధకిస్తుంది. బక్కపిల్లలకని మీ ఆఫీసు నుంచి గుడ్లూ పాలూ వచ్చేవి. ఆ గుడ్డు పుణ్యమా అని ఇప్పుడిప్పుడే బుగ్గ కాస్త తేలుతోంది. ఈ నెల ఆపేశారు. ఎందుకమ్మా అంటే జిల్లా సగటు చూశారట. బక్కపిల్లలు లేని జిల్లా అట మనది!

కడుపే లేని పిల్లలు దాని గుడ్డు తినేశారయ్యా.

తీసెయ్యవేం మరి? ఏమిటీ, ప్రావిన్సుకి లెక్క వెళ్ళిపోయిందా? ఇప్పుడు ఇన్ని వేల మంది ఒక్కరోజులో మాయమైతే పిల్లలేమయ్యారని విచారణ వస్తుందా?

నిజమే సుమా. ఉన్న పిల్ల మాయమైతే అడిగేవాడు లేడు గానీ, లేని పిల్లలు మాయమైతే ఊరుకుంటారా!

సరే, సర్వర్ బలం చూడ్డానికి ఈ మందని రేపు మళ్ళీ తోలాలంటావా? వాళ్ళ బరువులు రాసేదెవరు? నువ్వేనా! అయితే తగ్గించి రాయి.

అబద్ధం అంటావేం? లేని పిల్లకి ఎక్కువ బరువు రాస్తే పరీక్ష, తక్కువ రాస్తే అబద్ధమా? లావు పిల్లయినా బక్క పిల్లయినా నీ సర్వర్‌కి మోత ఒకటే కదా? ఆఁ, నువ్వే ఒప్పుకున్నావు.

ఉద్యోగం పోతుందా? ఎవరు పట్టుకుంటారు నిన్ను? పట్టుకోవాలంటే ఎవరో ఒకరు కాటా భుజానేసుకుని ఆ పిల్లల్ని తూచడానికి కొండెక్కాలి. రానీ. దారి నేను చూపిస్తాను.

మరీ అంతొద్దు నాయనా, ఎముకలు తేలేలా వద్దు. గుడ్డు వచ్చేంత చాలు. ఇంకొంచెం... ఊఁ, అక్కడాపు.

ఇదేం మాయో. ఉత్తుత్తి పిల్లలే అని తెలుసు. అయినా పిల్లలు చిక్కాలని అడగడం ఈ నోటికి ఇదే మొదలు. ఇన్నేళ్ళూ తిను, పెరుగు, ఇంకో ముద్ద అన్న నోరు.

ఏం చేస్తాం. ఉన్న పిల్ల తినాలంటే లేని పిల్లలు పస్తుండాలి, మన జిల్లా ధర్మం అలా ఏడిసింది.

నొక్కు. నేనటు తిరిగి నిలబడతాను.