తాటిచెట్టు రాయి

నారాయణవలస సంతలో పాత టౌన్‌హాలు వెనక నుయ్యి ఉంది చూడండి, దాని దరిదాపులకి ఎవరూ వెళ్ళరు. ఎద్దులకి దాహమైతే చెరువు దాకా తోలుకుపోతారు గానీ ఆ నూతిలో చేద వెయ్యరు. పిలిస్తే అది పలికిందట. పలికిన మాట నిజమే. పలికింది ఎవరో నాకు తెలుసు కాబట్టి చెప్తాను, మధ్యలో పేర్లు తడబడితే అందించండి, ఈమధ్య నాకు పేర్లు చేతిలోంచి జారిపోతున్నాయి.

ఆ హాలు కట్టించింది ఒక దొర. ఇంగ్లండులో ఆయనదీ సంత జరిగే ఊరేనట, సంత మధ్యలో కింద స్తంభాలు, పైన గది, దానిమీద గంట ఉన్న హాలొకటి ఉండేదట, అది తలుచుకుని గుర్తున్నంత మేరకు గీసిచ్చాడట. మెట్లు ఎటువైపో గుర్తురాక రెండువైపులా వేయించాడట. నవ్వకండర్రా, ఇంటికి అంత దూరాన ఉన్నవాడికి మెట్లెటో ఎలా గుర్తుంటుంది? సరే, సంతకొచ్చే పదకొండు ఊళ్ళూ తలో బండరాయి తోలాలన్నారు, తోలారు, ఆ రాళ్ళే హాలు చుట్టూ అరుగయ్యాయి. అక్షరాలు రానివాళ్ళు కదా, ఏ ఊరి రాయి మీద ఆ ఊరు ఒక బొమ్మ చెక్కించుకుంది. మా నాన్న ఊరిది చేప, ముందువైపు. మన ఊరిది తాటిచెట్టు, పక్కవైపు. మా అమ్మ పుట్టిన ఊరిది వెనక, నూతి పక్కనే, దాని బొమ్మ... ఏమిటే సుగుణా? ఆఁ, నాగలి. చూశారా, నా కోడలికే బాగా గుర్తు.

హాలు ఊడ్చే తౌడమ్మ అని ఒకావిడ ఉండేది. సంతలో పిల్ల తప్పిపోతే ఆవిడ దగ్గరికి తెచ్చేవారు, ఆవిడ ఏ ఊరని అడిగి ఆ ఊరి రాయి మీద కూర్చోబెట్టేది, కన్నవాళ్ళు తిన్నగా తమ రాయి దగ్గరికొచ్చి తీసుకుపోయేవారు. నేను ఆరేళ్ళప్పుడు తప్పిపోయాను. ఏ ఊరే అమ్మా అంటే మా అమ్మమ్మ ఊరు చెప్పాను. పుట్టింది మొదలు అక్కడే పెరిగాను, నాన్న తీసుకొచ్చి నెలైనా కాలేదు, ఇంకే ఊరు చెప్తాను? తౌడమ్మ నన్ను నాగలి రాయి మీద కూర్చోబెట్టి బెల్లంముక్క పెట్టింది, నేను తినేసి ఆవిడ ఒళ్ళో నిద్రపోయాను, ఎండ తగలకుండా ఆవిడ కొంగు కప్పింది. అవతల మా నాన్న చేప రాయి దగ్గర పొద్దు వాలేదాకా నిలబడి నిలబడి, ఇక ఉండలేక, పిల్ల నూతిలో పడిందేమోనని వెనక్కి పరిగెత్తుకొచ్చి నూతిలోకి వంగి “అచ్చీ! అచ్చీ!” అని ఏడుస్తూ నన్ను పిలిచాడు. నాకు మెలకువొచ్చి, కొంగు కిందనుంచే “ఓయ్ నాన్నా” అన్నాను. సంతంతా నుయ్యి పలికిందని పరుగో పరుగు. మా నాన్న ఒక్కడే వెనక్కి తిరిగి చూశాడు.

తౌడమ్మ చెంపలేసుకుంది. అప్పటినుంచీ ఏ పిల్లొచ్చినా “అమ్మ ఊరా, అయ్య ఊరా?” అని రెండుసార్లు అడిగేది. పోయేదాకా అడిగింది. పోయాక కూడా సందెవేళ ఆ మాట వినిపిస్తుందంటే, నాలుగు పుస్తకాలు చదివిందాన్ని కదా, నేను నవ్వేదాన్ని.

పోయిన సంతకి సుగుణతో వెళ్ళాను. దొండకాయలు ఏరుతూ తలెత్తితే ఈవిడ లేదు. సరే ఇంటికి పోదామనుకున్నాను. ఏ ఇల్లు? ఎటు? ఒక్కటీ గుర్తులేదు. కాళ్ళు వాటంతటవే హాలు వెనక్కి నడిచాయి, నాగలి రాయి మీద కూర్చున్నాను, పొద్దు వాలుతోంది. అప్పుడు పక్కనే చీపురు చప్పుడు. “ఏ ఊరే గుంటా?” అంది. మా అమ్మమ్మ ఊరు చెప్పాను. “ఓలమ్మో, మళ్ళీ అదే సెప్తంది! అమ్మ ఊరు కాదు, అయ్య ఊరూ కాదు. తలంబ్రాలు పోసుకుని ఏ ఊరెళ్ళావే?” అంది. నాకు తాటిచెట్టు గుర్తొచ్చింది. ముందు చెట్టు, తరవాత మన ఊరు, తరవాత మీ తాతయ్య, తరవాత సుగుణ. లేచి వెళ్ళి మన రాయి మీద కూర్చున్నాను. ఈ కథ వందసార్లు విని విసుక్కున్న సుగుణ, ఏడుస్తూ తిన్నగా అక్కడికే వచ్చింది. నా నోట్లో బెల్లం వాసన వేస్తోందంది. నేను బెల్లం కొనలేదు.

అందుకే చెప్తున్నాను, సరదాకి అటు వెళ్ళకండి. మెట్లు విరిగాయి, పాములున్నాయి, పైగా తోవ తెలిసినవాళ్ళు కూర్చుంటే తౌడమ్మ చీపురు తిరగేస్తుంది. ఏదో ఒక సందెవేళ నేను ఇంట్లో కనబడకపోతే మాత్రం వెళ్ళండి. నూతిలోకి చూసి కేకలు పెట్టకండి. తాటిచెట్టు రాయి దగ్గర చూడండి. అక్కడ లేకపోతే, నాగలి రాయి దగ్గర.