గడ్డికి గాలి పెట్టిన కేసు

నా పేరు, ఇంటి నంబరు రైటరు గారు పైన రాసుకున్నారు కాబట్టి మళ్లీ చెప్పను. వయసు నలభై ఒకటి. వృత్తి గుర్రాల పెంపకం. ఈ రోజు ఉదయం ఏడున్నరకు నేనే ఈ స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాను. ఇప్పుడు సాయంత్రం ఐదున్నర. ఆ ఫిర్యాదును వెనక్కి తీసుకోవడానికి వచ్చాను. ఎవరి బలవంతమూ లేదు. నేను నవ్వుతున్నట్టు కనిపిస్తే ఎస్సై గారు మన్నించాలి. మధ్యాహ్నం నుంచీ ఆపుకోలేకపోతున్నాను.

మా దగ్గర ఆరు గుర్రాలున్నాయి. అన్నింటిలో పెద్దది ఒక గోధుమరంగు ఆడగుర్రం. దాన్ని పెద్దమ్మ అంటాం. మా మామగారు దాన్ని పుట్టిన రోజు నుంచి చేతుల మీద పెంచారు. దానికి ఎండుగడ్డి దుమ్ము పడదు, దగ్గు మొదలైతే పక్కటెముకలు ఎగిరెగిరి పడతాయి. అందుకని నిరుటి నుంచి మాగుడు గడ్డి పెడుతున్నాను. అంటే గడ్డిని సగమే ఆరబెట్టి, పెద్ద గుండ్రటి బేళ్లుగా చుట్టి, గాలి చొరకుండా ప్లాస్టిక్ పొరలు బిగిస్తారు. లోపల అది పుల్లగా, తియ్యగా మాగుతుంది. దుమ్ముండదు. చిన్న చిల్లు పడినా వెంటనే టేపు వేయాలి. వెయ్యకపోతే బూజు పడుతుంది, బూజు మేత గుర్రానికి విషం.

మామగారికి ఈ పద్ధతి మొదటి రోజు నుంచీ గిట్టలేదు. "గడ్డికి బురఖా ఏంటమ్మాయ్? ఆ ప్లాస్టిక్ ఉన్నంతకాలం నేను గుర్రపుశాలలో అడుగు పెట్టను" అన్నారు. అన్నట్టే ఏడాదిగా రాలేదు. రాలేదనే మేమంతా అనుకున్నాం.

ఈ ఉదయం ఆరింటికి షెడ్డుకు వెళ్తే పదకొండు బేళ్లకూ కోతలున్నాయి. ప్రతి బేలుకూ జానెడు కోత, అన్నీ ఒకే ఎత్తులో. కోసిన అంచును లోపలికి మడిచి నీటుగా దోపారు. దొంగ అంచులు మడుస్తాడా అని అప్పుడే అనిపించాల్సింది. అనిపించలేదు. కొత్త కోత గడ్డి చేతికి రావడానికి ఇంకా రెండు నెలలుంది, ఈ బేళ్లు చెడితే పెద్దమ్మ ఏం తింటుందన్నదే నా భయం. పరుగున ఇక్కడికి వచ్చి, అనుమానం ఎవరి మీద అని అడిగితే, పక్క సందులో పెళ్లిళ్లకు బగ్గీ నడిపే ఆయన పేరు చెప్పాను. మా బేళ్లు దారికి అడ్డమని పోయిన వారం ఆయన నాతో గొడవపడ్డాడు. అంతకుమించి నా దగ్గర ఆధారం లేదు.

కానిస్టేబుల్ గారు వచ్చి చూశారు. లోపల ఏమైనా దాచారేమోనని రెండు బేళ్లను ఇంకాస్త చీల్చి మోచేతి దాకా చెయ్యి పెట్టారు. తర్వాత, "ఫొటోలు తీసేదాకా ఏదీ ముట్టుకోకండి, సాక్ష్యం" అన్నారు. నేను టేపు చుట్ట చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఎండ ఎక్కుతోంది. ఒక్క బేలుకూ టేపు వేయడానికి లేదు.

ఒంటిగంటకు భోజనానికి కూర్చున్నాం. ఇంట్లో ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే మామగారు "నేను ముందే చెప్పలా" అంటారని. మామగారు మజ్జిగ పోసుకుంటూ తాపీగా అడిగారు:

"ఏమ్మాయ్, ఇప్పుడు వాటికి కాస్త ఊపిరాడుతోందా?"

"వేటికి మామయ్యా?"

"బేళ్లకు. లోపల ఎలా చెమటలు పట్టాయో చూశావా? తడిగడ్డి గాలి లేకపోతే వేడెక్కి తగలబడిపోతుందే! పక్కనే పెద్దమ్మ ఉంటుంది. మూడు రోజులుగా నాకు నిద్ర లేదు. పొద్దున్నే వెళ్లి కిటికీలు పెట్టి వచ్చాను."

ఆయన జీవితమంతా ఎండుగడ్డి వాముల్లో చెయ్యి దూర్చి వేడి చూసిన మనిషి. ఆ గడ్డికి గాలి ప్రాణం, ఈ గడ్డికి గాలి గండం. నాకు కోపం రావాలి. రాలేదు. నాకు ఇంకోటి తట్టింది. ఏడాదిగా రోజూ పొద్దున నేను వెళ్లేసరికి పెద్దమ్మ జూలు దువ్వి ఉండేది. మా ఆయన దువ్వుతున్నాడని నేను, నేను దువ్వుతున్నానని మా ఆయన అనుకున్నాం. దువ్వింది దొడ్డిదారిన వచ్చే మామగారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? గడ్డికి లేని ఉక్క మీకెందుకు మామయ్యా?" అని అడిగి, ఉన్నదంతా చెప్పాను. చెడితే పెద్దమ్మకు మేత ఉండదు అనగానే ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా లేచారు. నాకంటే ముందు ఆయనే ఈ స్టేషను మెట్లెక్కి, "దొంగను నేనే, ముందు టేపు వేయనివ్వండి" అన్నారు. బగ్గీ ఆయన అప్పటికే ఈ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు క్షమాపణ చెప్పాను. "క్షమాపణ ఎవరికి కావాలమ్మా, ఆ చీల్చిన రెండూ నా గుర్రాలకు పంపు" అన్నాడు. పంపాను.

ఎస్సై గారి అనుమతితో అందరం వెళ్లి మిగతా తొమ్మిదింటికీ టేపు వేశాం. కానిస్టేబుల్ గారు కూడా వేశారు. ఒక్క పూట గాలికి మేత చెడలేదు, వాసన చూశాను, తియ్యగానే ఉంది. మామగారు ఏడాది తర్వాత పట్టపగలు ముందు గేటు లోంచి శాలలోకి వచ్చారు. పెద్దమ్మ సకిలించింది. దగ్గలేదు, సకిలించింది. నాకు పట్టలేనంత సంతోషం వేసింది. ఇది కేసుకు అవసరం లేదని రైటరు గారు అన్నారు. అయినా రాయమని కోరాను.

కోసిన మనిషి మీద చర్య కావాలా అని ఎస్సై గారు అడిగారు. కావాలి. రేపటి నుంచి రోజూ ఉదయం బేళ్లన్నీ తడిమి, చిల్లు కనబడితే టేపు వేసే పని ఆయనదే. వచ్చేటప్పుడు ముందు గేటు లోంచే రావాలి. ఆయన ఒప్పుకున్నారు.

పైన ఉన్నదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అబద్ధం ఒక్కటీ లేదు. సంతకం పెట్టాను. కాగితానికి పుల్లటి వాసన అంటితే అది నా చేతులది.

సాక్షి: మా మామగారు. సంతకం కింద తన చేత్తో ఇలా రాశారు: "ఆ ప్లాస్టిక్ నాకు ఇప్పటికీ నచ్చలేదు. రేపు ఐదింటికే వస్తాను."