ఒక్క అక్షరం తేడా

హలో… ఆ, నేనే అక్కా… లేదు, ఇంటికింకా పోలేదు. ల్యాబ్ వెనక మెట్ల మీద కూర్చున్నా. లోపల ఫ్రీజర్ల రొదలో నీ మాట వినపడదు…

తిన్నావా?… అబద్ధాలాడకు. బావ చెప్పాడులే. బుల్లెమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ గదిలోంచి బయటికే రావట్లేదట…

సరే, విను… ఆ, రిపోర్టే. బుల్లెమ్మది వచ్చింది. నీదీ వచ్చింది…

ఆగక్కా… ఆగమంటున్నానా! నీ వల్ల కాదు. ఒట్టు. నీ జలుబు వేరు, దానికొచ్చింది వేరు…

మీ అత్తగారు అననీ! పిల్లల బడిలో పాఠాలు చెప్తూ జబ్బు మోసుకొచ్చి కన్నబిడ్డకే అంటించిందని ఊరంతా చాటనీ. ఆవిడ నోటికేం, ఆడుతూనే ఉంటుంది. నా చేతిలో కాగితం ఉంది…

ఎలా తెలుస్తుందంటే… ఈ వైరస్సు పదిహేను వేల అక్షరాల రాత అనుకో. ఒకరి నుంచి ఒకరికి పోతుంటే ఎక్కడో ఓ అక్షరం మారుతుంటుంది. చిన్నప్పుడు నీ పాత నోట్సు చూసి హోంవర్క్ ఎక్కించేసేదాన్ని, గుర్తుందా? నీ తప్పులన్నీ నా పుస్తకంలో ఉండేవి, పైన నావి ఇంకో రెండు. టీచరు చూడగానే పట్టేసేది… ఆ, అదే లెక్క.

నీ దానికీ బుల్లెమ్మ దానికీ అరవై చోట్ల తేడా ఉంది… అవును, అరవై. నేనే రెండుసార్లు చూశా…

ఏడు… ఏడ్చెయ్యక్కా. నేనిక్కడే ఉన్నా…

…

మరి ఎవరి నుంచి అంటే…

అక్కా, మా దగ్గర ఒక పద్ధతుంది. ఎవరు తుమ్మినా ఆరోజే ముక్కులోంచి శాంపిల్ ఇవ్వాలి. పేరుండదు, నంబరే. తుమ్ముల హాజరుపట్టీ అని మాలో మేమే నవ్వుకునేవాళ్ళం… చెప్తున్నా, ఆగు. బుల్లెమ్మ పక్కన ఆ పట్టీలోని నంబరొకటి వచ్చి కూర్చుంది. రాతంతా ఒకటే. ఒక్క అక్షరం తప్ప. ఆ ఒక్కటీ బుల్లెమ్మ దాకా వచ్చాక మారింది…

నలభై ఒకటి…

నాది. ఆ నంబరు నాదక్కా.

హలో?… హలో, ఉన్నావా?…

మీ ఇంటికొచ్చిన మర్నాడు తుమ్మాను, శాంపిలిచ్చాను. కానీ వచ్చిన రోజే గొంతులో గరగరగా ఉంది. అందుకే మాస్కుతో వచ్చా. బందిపోటులా ఉన్నావే అని నువ్వు నవ్వావు కూడా…

కాదు! నీ మీద నింద పోవాలని చెప్పట్లేదు. చిన్నప్పుడంటే అద్దం నువ్వు పగలగొడితే నేనేనని దెబ్బలు తిన్నా. అదే అలవాటనుకుంటున్నావా?… ఈసారి నిజంగా నేనేనే అక్కా.

తీశాను… మాస్కు తీశాను. నువ్వు స్నానానికెళ్ళావా, బుల్లెమ్మ నన్ను చూసి ఒకటే ఏడుపు. మాస్కు చూసి భయపడుతోందని ఒక్క నిమిషం కిందికి లాగాను. బుగ్గకి బుగ్గ ఆనించా… తెలియక కాదు. పొద్దస్తమానం నేను చేసే పనే ఇది. మూడు నెలల పసిదని తెలుసు, తెలిసే తీశా…

ఏంటీ?… తీస్తే ఏం చేసిందనా?

నవ్వింది. పైకి వినపడేలా నవ్వింది…

నువ్వు… నువ్వెప్పుడూ వినలేదా?

అయ్యో అక్కా…

చెబుదామనుకున్నా. నువ్వు తల తుడుచుకుంటూ వచ్చేసరికి మాస్కు పైకి లాగేశా. నవ్విందంటే తీశానని తెలిసిపోతుందిగా… అందుకని దాచేశా.

ఎలాగంటే… ఎక్కిళ్ళొచ్చినట్టు. హ్హ… హ్హ… అని రెండుసార్లు. తర్వాత నా ముక్కు పట్టుకోబోయింది…

…

రావద్దా?… సరే.

ఎప్పుడూనా?… సరేనక్కా.

కాగితం బావకి పంపిస్తా. మీ అత్తగారికి చూపించు. నలభై ఒకటి కొట్టేసి నా పేరు రాస్తాలే…

లేదు, ఏడవట్లేదు… ఇంకేం లేదు. అన్నం తిను.

పెట్టెయ్యక్కా… నువ్వే పెట్టెయ్యి. నా వల్ల కావట్లేదు…