గట్టు పక్క సాలు

కామసముద్రం దగ్గర ఒక టమాటా తోట. వ్యవసాయ కాలేజీలో పని చేసే కుముద సెలవుకు ఊరికి వచ్చింది. పక్కింటి గంగులమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని తోటలోకి లాక్కొచ్చింది.

“నా తోటకు గడ్డిమందు కొట్టింది ఆమే. చూడు కుముదా, ఆమె చేను గట్టు పక్క సాలొక్కటే పచ్చగా ఉండాది. మిగతా తోటంతా పాయె.”

“ఎవురత్తా?”

“ఇంగెవురు? నా తోడికోడలు వెంకటలక్ష్మి.”

“మందు పడితే ఆకు మాడతాది. ఇది చూడు, పచ్చా పసుపూ కలిసి మచ్చలు. ఇది వైరస్ అత్తా.”

“పొద్దున ఆమె ఇంట్లో కాఫీ తాగినావంట?”

“తాగినా. కాఫీకీ ఆకుకీ ఏం సంబంధం?”

“ఊరికే అడిగినాలే. చెప్పు, ఏందది?”

“ఆకు లోపల చిన్న చిన్న గదులుంటాయి. ఆకు గీసుకుంటే ఆ సందులో దూరతాది. దానికి సొంత పొయ్యి లేదు, గిన్నె లేదు. ఆ గదిలో వంట చేసేవాళ్ల చేతనే తన వంట చేయించుకుంటాది. చెట్టు పిండితో తన దోసెలు పోయించుకున్నట్ల.”

“ఆమే! అచ్చం ఆమే!”

“అత్తా, నేను చెప్పేది...”

“మా ఇంట్లో దూరి, మా అత్తనే నా మీదికి తిప్పలే? ఊ, తర్వాత?”

“చెట్టుకు కావలి కాసేవాళ్ల నోరు మూస్తాది. గదుల మధ్య సందు వెడల్పు చేసుకుని పక్క గదికి పోతాది.”

“ఈపొద్దు తేలిపోతాదిలే. మారెమ్మ గుడిలో వెలిగే కర్పూరం అరచేత్తో ఆర్పి ప్రమాణం చెయ్యమని పదిమందిలో చెప్పినా. ఆర్పకపోతే తప్పు ఆమెదే.”

“ఆర్పితే?”

“చెయ్యి కాలతాది కదా. కాలితే అబద్ధం చెప్పినట్లే.”

“అంటే ఎట్లయినా ఆమేనా!”

“అదిగో, తలస్నానం చేసి గుడికి పోతా ఉండాది. ఎంత నిదానం చూడు!”

“అత్తా, ముందు ఎన్ని చెట్లకు వచ్చింది?”

“ఒక్కదానికే. ఆమె గట్టు మీద నిలబడి, ‘పీకి కాల్చేయక్కా’ అనింది. కాసే చెట్టును పీకమంటాదా? అప్పుడే పడింది దిష్టి.”

“ఒక చెట్టు రసం ఇంకో చెట్టుకు అంటుకుంటేనే ఇది పాకేది. చెట్లను ఎవురు తాకినారు?”

“ఎవురూ లేదు. కూలోళ్లను రానీను. వాళ్లు ఆమె మనుషులు.”

“మరి నువ్వు?”

“నీళ్లు కడతా. అంతే.”

“అంతేనా?”

“అంతే... దిష్టి తీసినా.”

“ఎట్ల తీసినావు?”

“మా అమ్మ తీసినట్లే. దిష్టి తగిలిన చెట్టు ఆకు పిడికెడు కోసి, నలిపి, దాంతో అన్ని చెట్లనూ గట్టిగా తుడవాల. దిష్టంతా ఆ ఆకులోకి దిగతాది. అప్పుడు నిప్పులో వేయాల.”

“అన్ని చెట్లనూ తుడిచినావా?”

“నాది అరకొర పని కాదమ్మా. ఒక్క చెట్టు విడవలే.”

“గట్టు పక్క సాలు కూడానా?”

“దాన్ని విడిచినా. ఆమె అక్కడే గడ్డి కోస్తా ఉండె. చూస్తే నవ్వతాదని.”

“అత్తా...”

“ఏంది అట్ల చూస్తావు?”

“పచ్చగా ఉండేది ఆ సాలే కదత్తా.”

“పరిగెత్తవే కుముదా! కర్పూరం ముట్టించొద్దని చెప్పు. గంగులమ్మ చెప్పిందని... వద్దు, నా చెయ్యి పట్టుకో, నేనే వస్తా!”