చప్పుడు చేసేదే కావాలి

చప్పుడే రాదు, పక్కన దోమ వాలినా వినబడుతుంది... ఇంకెన్నిసార్లు చెబుతారు బాబాయ్‌గారూ! మీ షాపులో అడుగు పెట్టినప్పటి నుంచీ ఇదే పాట. నాకు చప్పుడు రాని ఏసీ వద్దు. చప్పుడు చేసేదే కావాలి. అదిగో, ఆ మూల దుమ్ము కొట్టుకుపోయి ఉందే, కిటికీలో పెట్టేది, అదీ.

నవ్వకండి. పిచ్చిదానిలా కనబడుతున్నానా? మా ఇంట్లో ఆ పేరు ఇప్పటికే ఒకరికి ఇచ్చేశారు లెండి.

సరే, అడగండి మీ ప్రశ్నలు. గది ఎంతా? పది బై పన్నెండు. మేడ మీద. పడమటి గోడ, మధ్యాహ్నం చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. పైన ఇంకో అంతస్తు లేదు. టన్ను చాలదా? ఒకటిన్నరా? సరే, ఒకటిన్నర.

ఎంతమంది ఉంటారా? ఒక్కతే. మా అక్క.

రోజుకి ఎంతసేపు వేస్తారా? ఎప్పుడూ. తను బయటికి రాదు కదా.

రానివ్వరు, అనాలి. చూశారా, వాళ్ల భాష నాకూ పట్టేసింది!

కిటికీ ఒక్కటే, వీధివైపు. ఈ బేరమంతా ఆ కిటికీ గురించే బాబాయ్‌గారూ. ఒక్కసారి మీ అద్దంలోంచి బయటికి చూడండి. అలా తల తిప్పేసి కాదు, మామూలుగా. ఆ తెల్ల కారులో చల్లగా కూర్చున్నవాళ్లు మా నాన్న, మా అన్నయ్య. ముందు లైట్లు చూడండి. ఒకటి మసకేసిపోయింది. రెండోది తళతళలాడుతోంది. కొత్తది.

పాతది ఏమైందా?

ఆమధ్య ఒకరోజు పొద్దు పొడవకముందు అన్నయ్య ఈ బండే తోలుకొస్తున్నాడు. పక్కన అక్క. రోడ్డు ఊడుస్తూ ఒకావిడ. ఆపరా, ఆపరా అని అక్క వాడి చెయ్యి పట్టుకుని లాగింది. వాడు ఆపలేదు. ఇంటికొచ్చి, కుక్క అడ్డమొచ్చింది నాన్నా అన్నాడు. మనిషి, అంది అక్క. అప్పటినుంచీ ఆ ఒక్క మాటే అంటోంది. అదే పిచ్చి అయింది మా ఇంట్లో! బయటినుంచి గొళ్లెం, దానికో తాళం.

కానీ వీధి ఊడ్చేవాళ్లు రోజూ రావాలిగా? వస్తారు. అక్క ఊచలు పట్టుకుని అరుస్తుంది. "మీ మనిషిని చంపింది ఈ ఇంటి కారే" అని. వాళ్లు చీపుళ్లు ఆపి తలెత్తి చూస్తారు. నాన్న కిందికి వెళ్లి, పిల్లకి ఒంట్లో బాగోలేదమ్మా అని సర్దిచెప్పి వస్తాడు. ఇవాళ పొద్దున ఆయన చెప్పినా వాళ్లు కదల్లేదు. అలా నిలబడి మేడ వంక చూస్తూనే ఉన్నారు.

భోజనం దగ్గర నాన్న ఎంత ముద్దుగా మాట్లాడాడనుకున్నారు! "పాపం, ఉక్కపోతకే దానికిలా అవుతోంది. ఏసీ పెట్టిద్దాం. కిటికీ బిగించేసుకుని హాయిగా పడుకుంటుంది." నా వైపు తిరిగి, "నువ్వు చదువుకున్నదానివి, మంచిది నువ్వే ఎంచాలి" అన్నాడు.

పోలీసుల దగ్గరికా? వెళ్లాను. చూసింది నువ్వా అన్నారు. కాదు, అక్క. అయితే ఆవిణ్ని తీసుకురా అన్నారు. అంతే కదా! చూసిన కళ్లు తనవి. తను వస్తేనే అది సాక్ష్యం, నేను చెబితే పుకారు.

అందుకే నాకు మీ గోడకి తగిలించే రకం వద్దు. గోడలో చిన్న బెజ్జం, కిటికీ అలాగే ఉంటుంది, ఊచలూ అలాగే ఉంటాయి. ఈ డబ్బా పెట్టాలంటే ఊచలు కొయ్యాలి. ఇందాక మీరే అన్నారు. కోస్తారుగా? అడుగుదాకా, మొండి ముక్కలు మిగలకుండా? మా నాన్నే దగ్గరుండి కోయించాలి, అదీ నాకు కావలసింది! ముందువైపు మూత తీసి రెండు మరలు విప్పితే డబ్బా లోపలికి జారుతుందన్నారు. ఒక్క మనిషి లాగగలదా? పడి పగిలితే పగలనివ్వండి. కిటికీ కింద కారు షెడ్డు రేకుంది. అక్క సన్నగా ఉంటుంది. ఇప్పుడు ఇంకా సన్నబడింది.

ఇంట్లో ఉన్నదానివి, తలుపు తియ్యొచ్చుగా అంటున్నారా?

అంటారు. ఎవరైనా అంటారు. మౌనం కూడా నేరమేనని అట్టల మీద ఎర్రరంగుతో రాసి నడివీధిలో నడిచినదాన్ని నేను. సంకెళ్లు తెంచండని గొంతు పోయేలా అరిచినదాన్ని. అన్నీ ఎవరో అన్న మాటలే, నా నోటికి బాగా నప్పాయి. తాళంచెవి నాన్న దిండు కింద ఉంటుంది. ఆయన కునుకు తీస్తుంటే మెల్లగా తీశాను. చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ దిండు కిందే పెట్టేశాను.

ఆయన కళ్లు తెరవకుండానే, "పెట్టేశావా తల్లీ" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి. తలుపు తియ్యలేనిదాన్ని, కనీసం కిటికీ అన్నా...

ఏంటీ, బయట ఇనుప జాలీనా? దొంగల భయానికా? వద్దు! ఆ మాట వాళ్ల ముందు ఎత్తకండి. అడిగినా సరే, గాలి ఆడదు, మిషన్ పోతుందని చెప్పండి. నిజమో అబద్ధమో నాకనవసరం. ఒక్క మాట. నా కోసం కాదు. మీకూ ఆడపిల్లలున్నారుగా? అదిగో, మీ బల్ల మీద ఫోటో.

ఉష్. కారు తలుపు పడింది.

రా అన్నయ్యా! ఇదే బాగుంది, ఇదే ఎంచాను. పాత రకమా? అయితేనేం? చప్పుడంటావా, అదే కదా దీని గొప్ప! ఇది ఆన్ చేస్తే లోపల ఎవరెంత మొత్తుకున్నా వీధిలోకి ఒక్క ముక్క పోదు. చూశావా, నవ్వొచ్చింది నీకు. నాన్నకి చెప్పు, చెల్లి తెలివైందని.

ఏది? ఆ గోడకి వేలాడేదా? అదేదో జాలీలే. మనకెందుకు? మేడ మీదికి దొంగలెలా వస్తారురా?

ఆయన్ని అడుగుతావా? అడుగు. ఆయనకి తెలుసు.

చెప్పండి బాబాయ్‌గారూ. జాలీ పెడితే మిషన్ పోతుందని ఇందాక అన్నారుగా. అన్నారు కదా! ఎందుకలా కిందికి చూస్తారు? మా అన్నయ్య కొరుకుతాడా ఏంటి, చెప్పండి.

బాబాయ్‌గారూ... ఆ జాలీ దగ్గరికి కొలత టేపెందుకు తీసుకెళ్తున్నారు?